దిల్‌సుఖ్‌నగర్ టు రాయదుర్గం: చెవుల్లో ఇది మూడో జత

ముందే చెప్తున్నా, నేను ఆడియో ఎక్స్‌పర్ట్ కాదు. రోజూ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారి రాయదుర్గంలో దిగి అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఆఫీసుకి పోయే మనిషిని, సాయంత్రం మళ్ళీ అదే రివర్స్‌లో. అంటే రోజుకి దగ్గర దగ్గర రెండున్నర గంటలు చెవుల్లో ఏదో ఒకటి ఉండాల్సిందే, లేకపోతే పక్కనావిడ ఫోన్లో స్పీకర్ పెట్టి చూసే రీల్స్ అన్నీ నేను కూడా వినాలి. ఈ నాలుగేళ్ళలో మూడు జతల ఇయర్‌బడ్స్ కొన్నా, మొదటి రెండిట్లో డబ్బులు పోయాయి, మూడోది కుదిరింది. ఎందుకు పోయాయో, ఇది ఎందుకు కుదిరిందో చెప్దామని రాస్తున్నా, ఎందుకంటే కొనేటప్పుడు నేను చూసిన నంబర్లు ఒక్కటి కూడా తర్వాత పనికి రాలేదు.

మొదటి జత 1,099 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, ఆ రేటుకి అందరూ అమ్మేది అదే సరుకు కాబట్టి ఒకళ్ళని అని లాభం లేదు. డబ్బా మీద 50 గంటల ప్లేటైమ్ అని ఇంత పెద్ద అక్షరాలు, 13 ఎంఎం డ్రైవర్ (లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్), పక్కన ఈఎన్‌సీ అని ఒక ముద్ర. నేను ఆ ఈఎన్‌సీ చూసి, ఓహో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది, మెట్రో సౌండ్ వినపడదు అనుకున్నా. మెట్రో ఎక్కాక తెలిసింది అది మనకి కాదు, అవతలి వాళ్ళకి. ఈఎన్‌సీ అంటే కాల్ మాట్లాడేటప్పుడు మన మైక్‌లోకి వచ్చే చుట్టుపక్కల గోల తగ్గించేది, మన చెవికి వచ్చే గోల తగ్గించేది ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా, దాన్ని పక్కపక్కన రాసి అమ్ముతారు, నాలాంటి వాళ్ళు ఎంతమంది పడ్డారో. ఆ 50 గంటలు కూడా అంతే, అది బడ్స్ దాచుకునే కేసులో ఉన్న ఛార్జింగ్ అంతా కలిపి చెప్పే లెక్క, బడ్ ఒక్కసారి చెవిలో పెడితే ఎంతసేపు వస్తుందో చిన్న అక్షరాల్లో వెనకాల ఎక్కడో ఉంటుంది. మనకి కావాల్సింది ఆ చిన్న అక్షరాల నంబరే.

ఎనిమిది నెలలకి కుడి బడ్ చచ్చిపోయింది. రెండు బడ్స్ ఒకేసారి పోవు చూడండి, ఎప్పుడూ ఒకటి ముందు పోతుంది, ఇంకోటి బాగానే ఉంటుంది, అదే ఎక్కువ బాధ. లోపల ఉండేది చిన్న గింజంత బ్యాటరీ, రోజూ ఎక్కించి దించుతుంటే అరిగిపోతుంది, మార్చి వేసే ఏర్పాటు చాలావాటిలో ఉండదు. వారంటీ ఉంది కదా అని పికప్ బుక్ చేశా, వాళ్ళు రాలేదు, మళ్ళీ బుక్ చేశా, వచ్చినవాడు బిల్లు ప్రింట్ కావాలన్నాడు, నేను ఫోన్లో చూపించా, కుదరదన్నాడు, మూడోసారి నేనే వదిలేశా. దీనివల్ల నేర్చుకున్నది ఒకటే, కొన్న రోజే బిల్లు పీడీఎఫ్ మెయిల్లో పెట్టుకోవాలి, ఒక ప్రింట్ కూడా తీసి కేసు వచ్చిన డబ్బాలోనే పడెయ్యాలి.

రెండో జత 2,800 దాకా పడింది. ఈసారి చదువుకుని వెళ్ళా కాబట్టి ఏఎన్‌సీ ఉన్నదే తీసుకున్నా. మొదటి రోజు మెట్రోలో ఆన్ చేస్తే నిజంగా ఆశ్చర్యమేసింది, ఆ ఏసీ హోరు, పట్టాల మీద ఘూ... అని వచ్చే సౌండ్ సగానికి సగం పోయింది. కానీ పక్కన ఇద్దరు మాట్లాడుకుంటే మాత్రం వినిపిస్తూనే ఉంది, ఇంకా స్పష్టంగా వినిపించింది కూడా. బడ్ పాడైందేమో అనుకున్నా, కాదట. ఏఎన్‌సీ అనేది బయట సౌండ్‌ని మైక్‌తో విని దానికి ఎదురు సౌండ్ వదిలి కొట్టేసే పద్ధతి, ఒకే తీరుగా వచ్చే బొంగురు సౌండ్‌కి, అంటే ఇంజిన్ హోరు, ఫ్యాన్, ఏసీ వీటికి బాగా పనిచేస్తుంది, ఠక్కుమని వచ్చే హారన్‌కి, మనుషుల మాటలకి అంత పనిచెయ్యదు. వాటిని ఆపేది చెవిలో గట్టిగా కూర్చున్న రబ్బరే. డబ్బా మీద ఇన్ని డెసిబెల్స్ గోల తగ్గిస్తాం అని 42 డీబీ, 49 డీబీ, 50 డీబీ అని రాసేవి కూడా ఎక్కడో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చే గరిష్ఠం, అన్ని సౌండ్లూ అంత తగ్గుతాయని కాదు. ఆ నంబర్ చూసి ఒక వెయ్యి ఎక్కువ పెట్టకండి.

ఈ రెండో జతతో నాకు అసలు తలనొప్పి టచ్. చున్నీ సర్దుకుంటే పాట మారిపోతుంది. జుట్టు చెవి వెనక్కి తోసుకుంటే ఆగిపోతుంది. ఒకసారి మా మేనేజర్‌తో కాల్‌లో ఉండగా జుంకా తగిలి కాల్ కట్ అయిపోయింది, ఆయన నేను కోపంతో పెట్టేశాననుకున్నాడు. మహిళల కోచ్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి నిలబడ్డానికి చోటుంటే గొప్ప, పక్కన అమ్మాయి బ్యాగ్ పట్టీ తగిలినా టచ్ అయిపోతుంది, మనం ఇక్కడ ఒక చెయ్యి పైన కడ్డీ పట్టుకుని ఒక చెయ్యి బ్యాగ్ పట్టుకుని ఉంటే ఏ చేత్తో మళ్ళీ పాట పెట్టాలి. రివ్యూలు చెప్పేవాళ్ళంతా రూమ్‌లో కూర్చుని చెప్తారు కాబట్టి వాళ్ళకి ఇది తెలీదు.

అది పోయిన తీరు కూడా చెప్తా. రాయదుర్గంలో దిగి షేర్ ఆటోలో చివర కూర్చున్నా, స్పీడ్ బ్రేకర్ మీద ఆటో ఎగిరింది, ఎడమ బడ్ చెవిలోంచి జారి రోడ్డు మీద పడింది. ఆపండి అన్నా అంటే ఆయన ఆపేసరికి వెనకాల వచ్చిన బస్సు దాని మీదుగా వెళ్ళిపోయింది. ఒక్క బడ్ కొనుక్కుందామని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశాం మేడమ్ అన్నారు. ఇంకెవరిదైనా ఎడమది తెచ్చి పెట్టినా మామూలుగా జత కలవదు. ఆ మిగిలిన కుడిది ఇప్పుడు మా అమ్మ దగ్గరుంది, వంట చేస్తూ ఒక చెవిలో పెట్టుకుని ప్రవచనాలు వింటుంది, చార్జింగ్ అయిపోతే నాకు ఫోన్ చేసి అడుగుతుంది, ఇది మూగబోయింది, ఏం చెయ్యాలే అని.

తప్పు బడ్‌ది మాత్రమే కాదు, నాది కూడా. డబ్బాలో మూడు సైజుల రబ్బర్లు వస్తాయి కదా, నేను ఎప్పుడూ మార్చలేదు, తగిలించి వచ్చిన మీడియందే వాడా. మనలో ఎక్కువమంది ఇంతే, ఆ చిన్న కవర్ విప్పకుండానే డబ్బాతో సహా అటక మీద పడేస్తాం. మా టీమ్‌లో అక్క ఒకావిడ నా చెవి చూసి, నీ ఎడమ చెవి చిన్నదే, దానికి స్మాల్ పెట్టు అంది. రెండు చెవులు ఒకే సైజు ఉండవని నాకు ముప్ఫై ఏళ్ళకి తెలిసింది. ఇప్పుడు నేను కుడికి మీడియం, ఎడమకి స్మాల్ పెట్టుకుంటా. కుదిరిందో లేదో చూడ్డానికి ఒక సులువు, రెండూ పెట్టుకుని పాట ఆపేసి నోరు మూసుకుని మ్మ్మ్ అనండి, మీ గొంతు తల లోపల బిందెలో మోగినట్టు మోగితే సీల్ కుదిరినట్టు. మామూలుగానే వినిపిస్తే ఎక్కడో గాలి పోతోంది. తర్వాత ఒకసారి గట్టిగా ఆవలించండి, అప్పుడు కూడా జారకపోతే షేర్ ఆటోకి పాస్.

బేస్ లేదు, సౌండ్ పల్చగా ఉంది అని ఏడ్చేవాళ్ళలో చాలామందికి అసలు ప్రాబ్లమ్ ఇదే. గాలి పోయే సందుంటే ముందు పోయేది బేసే, ఆ పైన 13 ఎంఎం డ్రైవర్ ఉన్నా 6 ఎంఎం ఉన్నా ఒకటే. కొత్తది కొనే ముందు మీ పాతదానికి రబ్బరు మార్చి చూడండి, బయట విడిగా ఫోమ్ టిప్స్ (రబ్బరు బదులు మెత్తటి స్పాంజి లాంటివి) కూడా దొరుకుతాయి, అవి ఇంకా బాగా పడతాయి కానీ మన చెమటకి తొందరగా పాడవుతాయి.

సరే మూడోది. సోనీ డబ్ల్యూఎఫ్-సీ700ఎన్. 2023లో వచ్చిన మోడల్, నేను సేల్‌లో కార్డ్ ఆఫర్ కలిపి ఏడు వేల లోపు తీసుకున్నా. కొత్త మోడల్ కాదు, స్పెక్స్ పక్కపక్కన పెడితే వన్‌ప్లస్ బడ్స్ 3 లాంటివి దీనికంటే తక్కువలో ఎక్కువ ఇస్తాయి, దాంట్లో రెండేసి డ్రైవర్లు, ఐపీ55 (దుమ్ము, నీళ్ళ నుంచి రక్షణకి ఇచ్చే రేటింగ్), ఇంకా చాలా ఉన్నాయి. ఇందులో డ్రైవర్ 5 ఎంఎం, ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ క్వాలిటీతో పంపే పద్ధతి) లేదు, వైర్‌లెస్ ఛార్జింగ్ లేదు, చెవిలోంచి తీస్తే పాట దానంతట అదే ఆగదు. మరి ఎందుకు తీసుకున్నావే అని మా తమ్ముడు అడిగాడు. బటన్ కోసం రా అన్నా.

నిజంగానే బటన్ కోసమే. ఇందులో టచ్ కాదు, నొక్కితే టిక్కుమనే అసలు బటన్లు ఉన్నాయి. చున్నీ తగిలితే ఏం కాదు, వానలో తడి చేత్తో నొక్కినా పనిచేస్తుంది, బొటనవేలు బడ్ కింద ఆనించి చూపుడు వేలితో పైన నొక్కితే చెవిలోకి గుచ్చుకోదు కూడా, లేకపోతే ప్రతిసారీ లోపలికి తోసినట్టుంటుంది, ఈ పద్ధతి రెండు రోజుల్లో అలవాటైపోయింది. రెండో కారణం బరువు, ఒక్కోటి 4.6 గ్రాములే, కాడ లేకుండా గుండ్రంగా చెవిలో కూర్చుంటుంది, జుంకాలకి అడ్డం రాదు. చిన్న చెవులున్నవాళ్ళకి పెద్ద బడ్స్ పెడితే గంటకల్లా చెవి మొదట్లో నొప్పి మొదలవుతుంది, ఆ బాధ పడినవాళ్ళకే తెలుస్తుంది. కొనే ముందు మా అక్క దగ్గర ఇవే ఉంటే నా రబ్బర్లు తొడుక్కుని ఒక మధ్యాహ్నం అంతా పెట్టుకుని చూశా. షోరూమ్‌లో నేను అడిగిన చోటల్లా చెవిలో పెట్టి చూడనివ్వలేదు, సీల్ విప్పరు, అది వాళ్ళ తప్పు కూడా కాదు, ఎవరు పెట్టుకున్నదో మనం మాత్రం పెట్టుకుంటామా. అందుకే తెలిసినవాళ్ళ దగ్గర అడిగి చూడ్డమే దారి.

బ్యాటరీ ఏఎన్‌సీ ఆన్‌లో 7.5 గంటలు, ఆఫ్‌లో 10 గంటలు అని కంపెనీ లెక్క. కేసు ఇంకొక్కసారి మాత్రమే నింపుతుంది, అంటే మొత్తం 15, 20 గంటలు. 50 గంటల డబ్బాల పక్కన ఇది చూస్తే నవ్వొస్తుంది కానీ నాకు వారానికి రెండుసార్లు ఛార్జ్ పెడితే సరిపోతోంది. మర్చిపోయినా 10 నిమిషాలు పెడితే గంట వస్తుంది, అంటే టిఫిన్ చేసేలోపు రాయదుర్గం దాకా కావాల్సినంత, నేను కొంచెం నెమ్మదిగా తింటా కాబట్టి.

ఇప్పుడు అమీర్‌పేట సంగతి. కొన్న మొదటి వారం ఏఎన్‌సీ ఆన్ చేసి పాటలు వింటూ కళ్ళు మూసుకుని నిలబడ్డా, తెరిచేసరికి బోర్డు మీద ఎస్ఆర్ నగర్ అని ఉంది. అనౌన్స్‌మెంట్ తెలుగులో ఇంగ్లీషులో హిందీలో మూడుసార్లు చెప్పినా నాకు ఒక్కటీ వినపడలేదు, అమీర్‌పేటలో కోచ్ సగం ఖాళీ అయ్యి మళ్ళీ నిండిన సంగతి కూడా తెలీలేదు. దిగి అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్ళి వెనక్కొచ్చి, ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటు. అప్పట్నుంచి ఖైరతాబాద్ దాటగానే ఎడమ బటన్ ఒకసారి నొక్కి యాంబియంట్ మోడ్‌కి వెళ్తా, బయట సౌండ్ లోపలికి వదులుతుంది, పంజాగుట్ట అన్నాక తర్వాతదే అమీర్‌పేట అని సిద్ధంగా ఉంటా. ఈ మోడ్ లేని బడ్స్ కమ్యూట్‌కి కొనొద్దు, ముఖ్యంగా రోడ్డు దాటాల్సిన వాళ్ళు. సాయంత్రం మాత్రం రాయదుర్గంలోనే బండి మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, అప్పుడు అమీర్‌పేట దాకా ఏఎన్‌సీ, నిద్ర, అలారం.

ఏఎన్‌సీ వల్ల నాకు కనపడ్డ పెద్ద లాభం వాల్యూమ్. మొదటి జతతో మెట్రోలో 85, 90 శాతం పెట్టేదాన్ని, ఇంటికొచ్చాక చెవుల్లో కుయ్ మనేది. ఇప్పుడు 50 దాటట్లేదు. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) పెద్దవాళ్ళకి చెప్పే లెక్క వారానికి 40 గంటలు, అది కూడా 80 డెసిబెల్స్ దగ్గర. అంతకంటే గట్టిగా వింటే ఆ గంటలు చాలా స్పీడ్‌గా తగ్గిపోతాయి. బయట గోల ఎక్కువున్నకొద్దీ మనకి తెలీకుండానే పెంచుకుంటూ పోతాం, అందుకే కొంచెం ఎక్కువైనా ఏఎన్‌సీకి పెట్టడం దండగ కాదని నా లెక్క.

కాల్స్ గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి, ఏ కంపెనీదైనా సరే. ఆటోలోంచి అమ్మకి చేస్తే ఏమే బావిలోంచి మాట్లాడుతున్నావా అంటుంది, మూడు జతలకీ అదే మాట. పాట వినేటప్పుడు ఉండే క్వాలిటీ కాల్ వచ్చేసరికి ఉండదు, బ్లూటూత్ అప్పుడు మాటల కోసం వేరే మోడ్‌లోకి వెళ్తుంది, రెండువైపులా సౌండ్ పంపాలి కదా. పైగా మైక్ చెవి దగ్గర, నోరు ఇక్కడ, మధ్యలో ఆటో గాలి. ముఖ్యమైన కాల్ అయితే ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడతా.

మల్టీపాయింట్ మాత్రం ఆఫీసువాళ్ళకి ఉండాల్సిందే, ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ ఒకేసారి కనెక్ట్ అయ్యి ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో మీటింగ్ అయ్యాక ఫోన్ మోగితే ఎత్తడమే. ఇబ్బందల్లా ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో మూసి ఉన్నా ఒక్కోసారి మెలకువగా ఉండి మెయిల్ టింగ్ మన పాట మధ్యలో దూరుతుంది. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి మూయండి.

ఎల్‌డాక్ లేదని బాధపడేవాళ్ళకి ఒక మాట. అది సెకనుకి 990 కిలోబిట్ల డేటా దాకా పంపగలదు, నిజమే, ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని వినేవాళ్ళకి బాగుంటుంది. అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద వందల ఫోన్లు, వందల బడ్స్, వైఫైలు అన్నీ అదే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద కొట్టుకుంటుంటే అంత డేటా పోవడమే కష్టం, తక్కువ డేటాతో పంపే మామూలు పద్ధతి ఏఏసీకే ఒక్కోసారి తెగుతుంది. తెగుతుంటే ఫోన్ హ్యాండ్‌బ్యాగ్ అడుగునుంచి తీసి చేతిలో పట్టుకోండి, మన ఒళ్ళు కూడా సిగ్నల్‌కి అడ్డమే.

వానాకాలం సంగతి. ఇది ఐపీఎక్స్4, అంటే చినుకులు, చెమట వరకు ఓకే, నీళ్ళలో ముంచకూడదు, పైగా ఆ రేటింగ్ బడ్స్‌కే, కేసుకి కాదు. తడిసిన బడ్‌ని అలాగే కేసులో పెట్టి మూత మూస్తే ఛార్జింగ్ పిన్నులు నల్లబడతాయి, కర్చీఫ్‌తో తుడిచి పెట్టండి. ఒకవైపు సౌండ్ తగ్గిందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు రబ్బరు తీసి కింద ఉండే సన్నటి జాలీ చూడండి, చాలాసార్లు గుబిలే ఉంటుంది, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్ పొడిగా తీసుకుని జాలీ కిందకి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా దులిపితే రాలిపోతుంది. పిన్నీసుతో గుచ్చకండి, నేను గుచ్చా, మొదటి జత కుడిది ముందు పోవడానికి అది కూడా ఒక కారణమేమో.

మా నాన్నకి మాత్రం నెక్‌బ్యాండే కొనిచ్చా. మెడలో వేలాడుతుంది, పడదు, పోదు, ఎక్కడ పెట్టానో అని వెతుక్కోనక్కర్లేదు, ఆయన సూర్యాపేట బస్సులో నిద్రపోయినా ఎక్కడికీ పోదు. ఫ్యాషన్ కాదని చాలామంది మానేశారు కానీ రెండు వేల లోపు బడ్జెట్ ఉన్నవాళ్ళకి ఇప్పటికీ అదే మంచి బేరం అంటాను నేను.

మా తమ్ముడు ఇప్పుడు 3,000 లోపు ఏదైనా చెప్పవే అని వెంటపడుతున్నాడు, బటన్ లేకపోయినా పర్లేదట, యాప్‌లో టచ్ ఆఫ్ చేసుకునే ఆప్షన్ ఉన్నదే చూడమన్నా. వాడు వెళ్ళేది బండి మీద, హెల్మెట్ లోపల పెట్టుకుంటానంటాడు, బండి మీద అయితే కొనను అని చెప్పేశా. బస్సులో వెళ్తావా చెప్పు, దసరా సేల్‌లో చూద్దాం అన్నా. ఇంకా ఆలోచిస్తున్నాడు.